రెండోసారి అడగని ఇల్లు

కొన్నేళ్లుగా దీన్ని మోస్తున్నాను. పెద్ద నేరమేమీ కాదని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. కాదా? మీరే వినండి.

నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఆ పేరు మీదే ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఊళ్లో సర్వే పని దొరికింది. ఇంటి కప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్లరంగు వేయిస్తే లోపల చల్లబడుతుంది, కరెంటు మిగులుతుంది. దానికి ఎవరు ఎంత పెట్టుకుంటారో అడగాలి. సొంతంగా కొంత పెట్టడానికి సిద్ధపడిన వాడలకే సబ్సిడీ.

మా వైపు మొదటి మాటకే అసలు ధర ఎవరూ చెప్పరు. అది నాకు తెలుసు. అందుకే స్లాబు ఇళ్లలో కూర్చుని, చల్ల తాగుతూ, మళ్లీ మళ్లీ అడిగాను. వాళ్లు చెప్పే మొత్తం మెల్లగా పెరిగింది.

కూలీల వాడలో బాటలోనే నిలబడి అడిగాను. శాంతమ్మది రేకుల ఇల్లు. తెరిచిన తలుపులోంచి, మంచం పట్టిన ముసలి అత్త కనిపిస్తోంది.

"ఎంత పెట్టుకుంటవమ్మా?"

"ఉత్తగిస్తే ఏపిచ్చుకుంట" అని నవ్వింది.

నేను కదిలాను.

"ఏందన్నా, గట్లనే పోతున్నవ్? సంతల మేకనైనా రెండుసార్లు అడుగుతరు. జర లోపటికొచ్చి కూసో."

"పనుంది" అన్నాను.

పనేమీ లేదు. 'ఏమీ పెట్టరు' అని రాసుకున్నాను. ఆ వాడంతా అలాగే రాశాను. ఎందుకు? ఎండ అని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. రెండు వాడల్లోనూ ఎండ ఒకటే కదా. లోపలికి పోతే నీళ్లిస్తారు, వాళ్ల చేతి నీళ్లు తాగాల్సి వస్తుంది. అదీ కారణం. ఇప్పటికి రాయగలిగాను.

సబ్సిడీ స్లాబు ఇళ్లకు పోయింది. ఒకాయన అది రాకముందే రంగు డబ్బాలు తెచ్చిపెట్టుకున్నాడు, నా కళ్లతో చూశాను. మరి ఆ సాయం అక్కడ ఏం మార్చినట్టు?

మరుసటి ఎండాకాలం బండి మీద ఆ దారిన పోయాను. శాంతమ్మ ఇంటి కప్పు సగం తెల్లగా ఉంది. అత్త మంచం ఉన్న వైపు సగం. కూలి డబ్బులకు వచ్చినంత రంగే కొన్నట్టుంది. సబ్సిడీ కలిసి ఉంటే మిగతాది కూడా అయ్యేది.

అంత తప్పు చేసి కూడా నాకు ముందు తట్టింది లెక్కే. సగం కప్పుకు వేస్తే లోపల ఎంత చల్లబడుతుంది? వేడి ఆ తెల్లగీత దగ్గర ఆగుతుందా, ఇటునుంచి అటు పాకుతుందా? నిజంగా తెలుసుకోవాలనిపించింది. తెలియాలంటే లోపలికి పోవాలి. పోతే, నేను ఏం రాశానో ఆమెకు చెప్పాలి. బండి ఆపనే లేదు.

ఆమెకు ఇప్పటికీ తెలియదు. మీకు చెప్పాను, నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆ మిగతా రేకులు మాత్రం ఇంకా కాలుతూనే ఉన్నాయి.