“పట్టుకో, గొయ్యొస్తంది”

ఆదిలాబాద్ నుంచి బైకు మీద కృష్ణా డెల్టా చూడటానికి వెళ్లాను. విజయవాడ నుంచి చల్లపల్లి పోతుంటే, దారిలో చెడిపోయి ఆగిన బస్సు పక్కన ఒకాయన చెయ్యెత్తాడు. యాభై దాటిన రైతు. తెల్లగుడ్డ కట్టిన చిన్న మట్టికుండను గుండెలకు అదుముకుని ఉన్నాడు.

“మా ఆవిడ అస్థికలండి. సాగరసంగమంలో కలపాలి. చల్లపల్లిలో మా తమ్ముడు ఆటో పెట్టుకుని ఉన్నాడు. అక్కడిదాకా ఎక్కించుకుంటారా?”

ఎక్కించుకున్నాను. రోడ్డంతా గోతులే.

“పట్టుకో, గొయ్యొస్తంది,” అన్నాడు వెనకనుంచి. నాతోనే అనుకుని తలూపాను. కాసేపటికి, “వంతెన దాటుతున్నాం, వచ్చెయ్,” అన్నాడు. అప్పటికి గాని తెలియలేదు, ఆయన మాట్లాడుతున్నది భార్యతో.

“దారి చెప్పకపోతే పోయిన మనిషి వెనకే ఉండిపోద్దని మా పెద్దోళ్లు అనేవారండి.”

నేనెప్పుడూ వినని సంగతి అది. అక్కడినుంచి ప్రతి గోతి ముందూ వేగం తగ్గించి, యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా తిప్పుతూ కుదుపు లేకుండా బండిని పైకి తెచ్చాను. ఒక గొయ్యి దాటాక ఆయన నా భుజం మీదుగా ముందుకు వంగాడు.

“నేను గోతిలోంచి ఒక్కసారిగా రేజ్ చేశానండి. బండి ఎగిరింది. తిరిగి చూస్తే సీటు మీద మనిషి లేదు.”

చల్లపల్లిలో దిగాడు. కుండ అందుకోబోయిన తమ్ముడికి ఇవ్వలేదు. ఏదో ఒకటి అనాలని, “మీరేం చేస్తారండీ, రోడ్లే ఇలా ఉంటే,” అన్నాను.

“రోడ్డు నాకు కొత్తేం కాదండి. తొందరే నాది,” అని ఆటో ఎక్కాడు.