నానబెట్టని ఆకు

కోవిడ్ తర్వాత బడులు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను గల్ఫ్‌లోని సమాయిల్ అనే ఊళ్లో ఒక భారతీయ పాఠశాలకు క్రాఫ్ట్ టీచరుగా వేశారు. హోదాలో లెక్కల మాస్టారి తర్వాత, పీఈటీ తర్వాత, ఇంకా చోటుంటే మేం. అయినా మా పనికీ మార్కులుండేవి, వాటికో నియమం ఉండేది. వస్తువు పిల్లల చేత్తోనే తయారవ్వాలి. అనుమానమొస్తే టీచరు ఎదుట మళ్లీ చేయించాలి. చేయలేకపోతే రికార్డులో ‘స్వయంకృతి కాదు’ అని రాసి, ప్రదర్శన నుంచి తీసెయ్యాలి. రాసింది కొట్టెయ్యాలంటే ప్రిన్సిపాల్ సంతకం కావాలి.

ఆ టర్ములో ఆరో తరగతికి పాతకాలపు చేతిపనులు. చుట్టూ ఖర్జూర తోటలే కాబట్టి ఆకు బుట్ట పెట్టాను. ఆకును సన్నగా చీల్చి, జడలా అల్లి, ఆ జడను గుండ్రంగా చుడుతూ కుట్టుకుపోవాలి. నేను శిక్షణ పొందింది వడ్రంగంలో. ఈ పని వీడియో చూసి నేర్చుకున్నదే. పిల్లలకు తలా ఒక కట్ట ఎండుటాకు ఇచ్చి ఇంటికి పంపాను.

వచ్చిన బుట్టలన్నీ చీలికలూ పీలికలూ. హారిక అనే అమ్మాయిది మాత్రం ఒక్క పగులు లేకుండా ఉంది. వాళ్లింట్లో పనిచేసే రమణమ్మది కడప వైపనీ, ఈతాకు చాపలల్లిన చెయ్యనీ తెలిసింది. ఇంకేముంది, దొంగను పట్టేశాననుకున్నాను.

మర్నాడు క్లాసులో బీరువాలోని ఆకు తీసిచ్చి అల్లమన్నాను. మూడో మడతకే విరిగింది. ఇంకోటి ఇచ్చాను, అదీ అంతే. ఆకు బాగాలేదు సార్ అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నేనన్నాను. క్లాసంతా నవ్వింది. హారిక తలెత్తలేదు. రికార్డులో రాయాల్సింది రాసేశాను.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం రమణమ్మ కూరగాయల సంచీతో గేటు దగ్గరికి వచ్చింది.

“నేను చూపిచ్చినానంతే సార్, అల్లింది పాపే. పాప వచ్చేతలికి ఆకు నానబెట్టి, తడిగుడ్డ కప్పి పెడతాంటి. ఎండుటాకు యాడన్నా వంగుతాదా? ఆ సంగతి పాపకు తెల్దు. మీకు తెలుసనుకుంటి.”

ఆమె వెళ్లాక బీరువా తెరిచి నేనే అల్లి చూశాను. రెండో మడతకే విరిగింది. చెప్పొద్దూ, సిగ్గేసింది.

తర్వాతి క్లాసులో నానిన ఆకు ఇస్తే హారిక అందరి ముందూ జానెడు జడ అల్లింది. మద్దెల నిజంగానే ఓటిదనీ, అది నాదేననీ పిల్లలకు చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. రికార్డులో కొట్టివేతకు కారణం ‘టీచరు పొరపాటు’ అని రాసి, ప్రిన్సిపాల్ సంతకం తీసుకున్నాను.

రిటైరయ్యేదాకా, పిల్లలకిచ్చే సామానుతో ముందు నేను చేసి చూడకుండా పరీక్ష పెట్టలేదు. పిల్లల చేతిని అనుమానించే ముందు మనమిచ్చిన సరుకును అనుమానించాలి.

హారిక బుట్ట ప్రదర్శనకు వెళ్లింది. కింద చీటీలో ‘నేర్పినవారు’ అన్నచోట నా పేరు అచ్చయి ఉంది. దాన్ని కొట్టేసి రమణమ్మ అని రాశాను. ఆ కొట్టివేతకు మాత్రం ఎవరి సంతకమూ అడగలేదు.