షిఫ్టు వేళల్లో రాని మెసేజ్‌లు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ నెల బదిలీల్లో నన్ను బొగ్గు గనుల ఊరు గోదావరిఖనికి ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. పిల్లల్ని ఆన్‌లైన్‌లో వేధించే కేసులు చూసే విభాగం. నా కింద ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, కొత్తగా ఇచ్చిన కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్. ఫోన్‌లోని వేల మెసేజ్‌లు అది చదివి, బెదిరింపులను విడదీసి పెట్టేది. ఆ రోతంతా మేం చదివే బాధ తప్పింది కాబట్టి, దాని మీద నాకు గౌరవమే.

ఒక గని కార్మికుడి భార్య, తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆడపిల్ల పేరుతో పరిచయమైన ఖాతా ఒకటి ఆ అమ్మాయి దగ్గర ఫొటో రాబట్టి, చెప్పినట్టు వినకపోతే క్వార్టర్లన్నిటికీ పంపుతానని బెదిరిస్తోంది.

"తిండి బంద్ పెట్టింది మేడమ్. ఏమన్న చేసుకుంటదేమోనని కండ్లు మూస్తలేను" అంది తల్లి. పిల్ల తలెత్తలేదు. నాకూ భయమేసింది.

ఖాతా వివరాలు ఆ యాప్ కంపెనీ నుంచి రావడానికి సమయం పడుతుంది. ఈలోగా సాఫ్ట్‌వేర్ మెసేజ్‌ల వేళలు విడదీసి చూపింది. రోజూ కొన్ని గంటలు ఒక్క మెసేజూ లేదు. ఆ ఖాళీ వారం వారం మారుతోంది: ఒక వారం పొద్దున, తర్వాత మధ్యాహ్నం, తర్వాత రాత్రి. ఎందుకో దానికి తెలియదు. మాకు తెలుసు. గని షిఫ్టులు వారానికోసారి మారతాయి. భూగర్భంలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు.

భర్తది ఏ వారం ఏ షిఫ్టని తల్లిని అడిగాను. ఆమె చెప్పింది ఖాళీలతో సరిపోయింది. ఎందుకు అడిగానో అర్థమై ఆమె పిల్లను దగ్గరికి లాక్కుంది. మా ఎస్సై తండ్రిని పట్టుకురావడానికి లేచాడు. ఆగమని, ఆయన సెలవులు కనుక్కున్నాను. జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజుల్లోనూ మెసేజ్‌లలో అదే ఖాళీ ఉంది. ఆయన కాదు.

క్వార్టర్ల పేరెత్తి బెదిరించేవాడు తెలిసినవాడే అయ్యుంటాడని, అదే షిఫ్టులో మీ ఇంటికొచ్చే వాళ్లెవరని అడిగాను.

"గనిల ఈయనతోని జంటగ పనిచేసే జోడీదారొక్కడే. సొంత చిన్నాయన లెక్క పిల్ల కాక అని పిలుస్తది" అంది.

రెండు రోజులకు యాప్ కంపెనీ ఇచ్చిన నంబరూ అతనిదే. షిఫ్టు ముగించుకుని గని పైకి రాగానే పట్టుకున్నాం. అతని ఫోన్‌లో వేరే పిల్లల ఫొటోలు కూడా ఉన్నాయి. పోక్సో కింద కేసు కట్టాం.

తండ్రి స్టేషన్‌లో అరవలేదు. "గని కింద కప్పు కూలితె వాడే నన్ను బయటికి గుంజుతడనుకున్న మేడమ్" అన్నాడు.

పిల్లను మంచిర్యాలలో మేనత్త దగ్గర చేర్చారు. బడికి పోతోందని విన్నాను. ఎవరినీ కాక అని పిలవదట.

బడుల్లో పిల్లలతో మాట్లాడేటప్పుడు, తెలియనివాళ్లతో జాగ్రత్తగా ఉండమని చెప్పేదాన్ని. ఆ కేసు తర్వాత తెలియనివాళ్లు అన్న మాట వదిలేశాను.