రైలు పోయేదాకా

శబ్దం కంటే ముందు బల్ల వణుకుతుంది. గ్లాసులో టీ మీద సన్నటి వలయాలు లేస్తాయి, కిటికీ గొళ్ళెం టకటకలాడుతుంది, ఆ తర్వాతే రైలు వినపడుతుంది. నాటక విభాగం విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్షకు మార్కులు వేసే బల్ల దగ్గర కూర్చున్నాను. పొద్దుటినుంచీ ఒకదాని తర్వాత ఒకటిగా చిన్న చిన్న నాటికలు చూస్తున్నాను. ప్రతి దాంట్లోనూ ఒక తాగుబోతు తండ్రి తూలుతున్నాడు, ఒక తల్లి కొంగు నోట్లో కుక్కుకుంటోంది. పౌడరు, చెమట, అద్దెకు తెచ్చిన దుస్తుల ముక్కిన వాసన కలిసి తలనొప్పి తెప్పిస్తున్నాయి. ఇంటికి పోయి కాళ్ళు చాపుకుని పడుకోవాలనే తప్ప ఈ పూట కళ గురించి నాకు వేరే అభిప్రాయాలేమీ లేవు. అలాంటప్పుడు బల్ల వణికింది. అది వణికితే నాకు ఎస్తేరు మేడం గుర్తు రాక మానరు.

ఎస్తేరు మేడం ఇదే హాల్లో మాకు నటన నేర్పారు. బాపట్ల వైపు నుంచి వచ్చి పద్మారావు నగర్‌లో స్థిరపడిన కుటుంబం వారిది. ఆవిడ గొప్ప నటి అని చెప్పను, స్టేజీ మీద ఆవిణ్ని నేనెప్పుడూ చూడలేదు. నేను చూసిందల్లా అలసిపోయిన మనిషిని. ఇంట్లో మంచాన పడ్డ అక్కగారికి స్నానం చేయించి, అన్నం తినిపించి, కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చేవారు. కుర్చీలో కూర్చోగానే బల్ల కింద చెప్పులు విడిచేసేవారు. అలసటను దాచుకోవాలని ఆవిడకెప్పుడూ తోచలేదనుకుంటాను. "అలిసిపోయానమ్మా, అయినా కానీండి" అని పాఠం మొదలుపెట్టేవారు. ఆ మాటను ఆవిడ వెనకాల అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నా విద్యార్థులు నా వెనకాల ఏం అనుకరిస్తారో నాకు బాగానే తెలుసు.

నేను లాలాగూడ రైల్వే క్వార్టర్ల పిల్లను. నాయిన వర్క్‌షాపులో ఫిట్టరు. నా గొంతు మరీ మెత్తన. మొదటి ఏడాది ప్రాక్టికల్‌లో మాటలు వినపడలేదని నన్ను ఫెయిల్ చేశారు. రెండోసారీ తప్పితే కోర్సులోంచి పేరు తీసేస్తారు. ఇంట్లోనూ అదే తీర్పు. నాయిన చదువుకు అడ్డుపడే మనిషి కాదు గానీ, నాటకాల చదువేమిటో ఆయనకు కొరుకుడు పడలేదు. "గీ ఒక్కపారి సూస్త బిడ్డా. పాసైతే నీ ఇష్టం. లేకుంటే టైపు నేర్సుకుని నౌకరీ సూస్కో" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఎదురు చెప్పడానికి నాకు వీల్లేకపోయింది. నాకు టైపు వద్దు, స్టేజీ కావాలి. ఎందుకు కావాలో మాత్రం అప్పుడు ఎవరడిగినా చెప్పగలిగేదాన్ని కాదు.

హాలు గోడకు అవతలే పట్టాలు. అప్పట్లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు లేవు గానీ గూడ్సు బండ్లు ఎక్కువ, అవి ఒక పట్టాన పోయేవి కావు. రైలొస్తే మేమంతా బొమ్మల్లా ఆగిపోయి, అది పోయాక అదే మాట మళ్ళీ మొదటినుంచి అప్పజెప్పేవాళ్ళం. గొంతు లేదన్న పేరు పోగొట్టుకోవాలని ఒకరోజు రిహార్సల్‌లో నేను ఆగకుండా రైలు మీద అరిచాను. మెడ నరాలు ఉబ్బేలా అరిచినా ఒక్క ముక్క ఎవరికీ అందలేదు. మేడం రైలు పోనిచ్చి, "దాంతో ఎందుకమ్మా పోట్లాట? అది పోయేదాకా నీ పని నువ్వు చేసుకో" అన్నారు. అంతసేపు ఏం పని చేయాలని అడిగాను. "మీ ఇల్లు పట్టాల పక్కనే కదా. రైలొస్తే మీ అమ్మ ఏం చేస్తుంది?"

ఆ ప్రశ్న నన్ను నిజంగానే ఆలోచనలో పడేసింది. మా క్వార్టర్లలో రైలొస్తే ఎవరూ గొంతు పెంచరు, అలాగని మాట వదిలెయ్యరు కూడా. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ పక్కింటామెతో మాట్లాడుతుంటుంది. రైలొస్తుంది. సగం మాటలో నోరు ఆగుతుంది, చెయ్యి ఆగదు, కళ్ళు మాత్రం పక్కింటామె మీదే ఉంటాయి. బండి చివరి డబ్బా దాటగానే ఆగిన చోటి నుంచి తర్వాతి మాట అందుకుంటుంది. పక్కింటామె కూడా అంతసేపూ ఎటూ చూడదు. తగాదాలైనా అంతే, సగం తిట్టు దగ్గర ఆగి, రైలు పోయాక మిగతా సగం తిట్టేవారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది కాబట్టి అందులో నేర్చుకోవలసినదేదో ఉందని నాకు తట్టలేదు. ఇదంతా చెబితే మేడం పాదం రుద్దుకుంటూ విన్నారు. అదే చెయ్యమన్నారు, అంతకుమించి ఏమీ చెప్పలేదు.

పరీక్ష రోజు మా నాటికలో నేను భార్యను, నా సహాధ్యాయి యాదగిరి భర్త. పెళ్ళయ్యాక మానిపించిన నర్సు ఉద్యోగానికి మళ్ళీ వెళ్తానని ఆమె అతనితో చెప్పాలి. నాటికంతా ఆ ఒక్క మాట కోసమే. ఆరిన దుప్పటిని ఇద్దరం చెరో కొస పట్టుకుని మడతపెడుతున్నాం. "నేను రేపటి నుంచి" అన్నాను. సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది, అదీ నత్తనడకన. ముందు బల్ల దగ్గర ముగ్గురు పరీక్షకులున్నారు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఆయన పక్కాయన వైపు తిరిగి ఏదో అడుగుతున్నాడు. పక్కాయన టీ గ్లాసు అందుకున్నాడు. మేడం మాత్రం కలం కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని మమ్మల్నే చూస్తూ కూర్చున్నారు.

టైపు మిషను కళ్ళ ముందు కనిపించింది. అయినా మేడం చూపు అక్కడ ఉంది కాబట్టి చేస్తున్న పని మానలేదు. యాదగిరి దగ్గరికొచ్చి, మామూలుగా రిహార్సల్‌లో చేసినట్టే, నా చేతిలోని కొసలు అందుకోబోయాడు. నేను ఇవ్వలేదు. అతను లాగాడు, నేనూ లాగాను. అతని ముఖంలో ఉన్నది నటన కాదు, అచ్చమైన అయోమయం. డబ్బా వెనక డబ్బా పోతూనే ఉంది, మేము ఒక దుప్పటికి రెండు వైపులా నిలబడి ఒకరినొకరు చూసుకుంటున్నాం. చివరికి అతనే వదిలేశాడు. మిగతా మడత నేనొక్కదాన్నే వేసి దుప్పటిని గుండెకు ఆనించుకున్నాను. రైలు పోయింది. అంత మోత తర్వాత హాలు చాలా నిశ్శబ్దంగా ఉంది. "పనికి వెళ్తున్నాను" అన్నాను, నా మామూలు గొంతుతోనే. ఆఖరి వరస దాకా వినపడిందని తర్వాత చెప్పారు. ఇంకా బోలెడు సంభాషణ మిగిలి ఉండగానే సమయం అయిపోయిందని గంట కొట్టారు.

తెర వెనక్కి రాగానే యాదగిరి, "ఏందే, రిహార్సల్ల గిట్ల లేదు గదా" అని నిలదీశాడు. నాకు జవాబు చెప్పే ఓపిక లేదు, బల్ల దగ్గరి మాటల మీదే చెవి పెట్టాను. సగం సంభాషణ వినపడనే లేదు, ఈ అమ్మాయికి మార్కులెలా వేస్తామని బయటి ఆయన అడుగుతున్నాడు. "వినపడనప్పుడు చూడాల్సింది కదండీ" అన్నారు మేడం. ఆ గొంతులో కోపం లేదు, రోజూ ఉండే అలసటే ఉంది.

సాయంత్రం మేడం నన్ను వరండాలోకి పిలిచారు. "గట్టెక్కావు. గట్టెక్కడానికి సరిపడా మార్కులు మాత్రమే వాళ్ళని అడిగాను. గొంతు మీద ఇంకా పని చెయ్యాలి" అన్నారు. పొగుడుతారని ఎదురుచూస్తున్న నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే, అందరూ అటూ ఇటూ తిరిగినప్పుడు మీరెందుకు తిరగలేదని అడిగాను. ఆవిడ చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ, "నాకూ టీ తాగాలనే ఉంటుందమ్మా. కానీ రైలు పోయేదాకా ఆ పిల్ల అక్కడ ఒక్కతే కదా" అన్నారు. ఇంట్లో నాయిన టైపు మాట మళ్ళీ ఎత్తలేదు.

చివరి రోజుల్లో మేడానికి పక్షవాతం వచ్చి మాట పోయింది. చూడ్డానికి వెళ్తే గదినిండా చర్చి వాళ్ళూ, పాత విద్యార్థులూ ఉన్నారు. ఆవిడ పెదవులు కదుపుతున్నారు, శబ్దం వస్తోంది గానీ మాట రావడం లేదు. వచ్చినవాళ్ళు కొంచెంసేపు విని, ఇబ్బందిపడి, ఒకరి వైపు ఒకరు తిరిగి వేరే కబుర్లలో పడ్డారు. నేను సంచి కింద పెట్టి మంచం పక్కన కూర్చున్నాను. ఆవిడ ఏం చెప్పాలనుకున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆవిడ చెప్పడం అయ్యేదాకా ఆవిణ్నే చూస్తూ కూర్చున్నాను. ఆవిడంటే నాకెంత ప్రేమో ఆ పూటే తెలిసింది.

బల్ల ఇంకా వణుకుతోంది. పోతున్నది గూడ్సు, తొందరగా వదలదు. నా పక్కనున్న లెక్చరరు ఫోను తీసి చూసుకుంటున్నాడు. స్టేజీ మీద ఒక సన్నటి అమ్మాయి సగం మాటలో ఆగిపోయి, ఏం చెయ్యాలో తోచక, చేతిలో గిన్నె పట్టుకుని నిలబడింది. నా నడుము లాగేస్తోంది, టీ చల్లారిపోతోంది, గడియారం సరిగ్గా నాకు ఎదురుగా ఉంది. నేను కలం కింద పెట్టాను. ఆ అమ్మాయి తలుపు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, తర్వాత మా బల్ల వైపు చూసింది. కాసేపటికి మెల్లగా కింద కూర్చుని, కొంగుతో గిన్నె తుడవడం మొదలుపెట్టింది.