ఓబుళమ్మ కోలాటం

ధర్మవరంలో ఆ మగ్గాల వీధికి ఎవరు కొత్తగా కాపురానికొచ్చినా, పొయ్యి మీద పాలు పొంగేలోపే ఓబుళమ్మ వాకిట్లో ఉంటుంది. కుచ్చిళ్లు బొడ్లో దోపి, చంకలో కోలాటం కర్రలు పెట్టుకుని, "ఏమ్మా, సాయంత్రం ఊరికే ఉంటావు గదా, ఆటకు రా" అంటుంది. ఆమె పిలిస్తే రానివాళ్లు లేరు. వచ్చి మూడో రోజుదాకా నిలిచినవాళ్లే తక్కువ. ఎవరి అడుగు తప్పినా ఆట ఆపించి, "ఒక్క పోగు తెగితే చీరంతా పోయినట్టే!" అని వీధంతా వినేలా అరుస్తుంది. అలా పదహారు మంది జట్టు ఏడుగురికి దిగింది. జత దొరకని ఏడో ఆమె కరెంటు స్తంభానికి కర్ర తగిలించి ఆడుకుంటోంది. చూస్తే వీళ్లు ఆడాల్సిన గుడి ఊరేగింపుకు ఇంకా నెల్లాళ్లే ఉంది.

మొన్న బ్యాంకులో పనిచేసే అమృత ఎనిమిదో మనిషిగా వచ్చింది. ఎడమకు తిరగమంటే కుడికి తిరిగింది. "యాడ చూస్తాండావు?" అని గద్దిస్తూ ఓబుళమ్మ తానే అడుగు తప్పి, తన కర్రతో తన ముక్కునే కొట్టుకుంది. పాతవాళ్లంతా నవ్వే ధైర్యం లేక తలలు వంచుకున్నారు. అమృత మాత్రం కర్రలు పడేసి, కడుపు పట్టుకుని నవ్వింది. ఓబుళమ్మ ఉరిమి చూసింది గానీ, ముక్కు తడుముకునేసరికి తనకూ నవ్వు ఆగలేదు.

మర్నాడు అమృత ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది. అందులో ఒకామె మొదటి చుట్టులోనే ఓబుళమ్మ కాలు తొక్కేసింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఓబుళమ్మ తెరిచిన నోరు మూసుకుని, నొప్పి దిగమింగి, "తప్పితే తప్పిందిలేమ్మా, రేపు మాత్రం తప్పకుండా రావాల" అనింది.