పిన్నుల వరస

"దూరింది కదా అని సంబరపడ్డాను. చెవికి దుద్దు పట్టినట్టు ఎంత చక్కగా దూరిందో. దూరినవన్నీ పనిచేస్తాయా నాయనా? ఇదిగో చూడు, పొద్దుటి నుంచీ ఈ కంప్యూటర్ మొహంలో మార్పు లేదు," అంది పిన్ని చేతిలో కేబుల్ చూపించి.

పిన్ని నాకు చుట్టం కాదు. మా వీధిలో అందరికీ పిన్నే. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె ఎంబ్రాయిడరీ మిషన్ ఉంటుంది. వెనక గోడంతా దారపు కండెలు. తీగలూ పిట్టలూ తనే గీసుకుని, మిషన్ చిన్న తెర మీద మీటలు నొక్కుతూ కుట్టు కుట్టూ ఎక్కించింది. ఆ డిజైన్లన్నీ దాని కడుపులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఇప్పుడా తెర మసకబారుతోంది. బోర్డు పోయేలా ఉందనీ, పోయేలోగా డిజైన్లు కంప్యూటర్‌లోకి లాగేసుకోమనీ మెకానిక్ చెప్పి వెళ్ళాడు. అందుకే ఎవరో వద్దనుకున్న పాత కంప్యూటర్ తెచ్చుకుంది. రెంటినీ కలిపే సీరియల్ కేబుల్ మాత్రం ఆమె మరిది కొనుక్కొచ్చాడు.

"తొమ్మిది పిన్నులు, తొమ్మిది రంధ్రాలు. లెక్క సరిపోయింది కదా వదినా," అన్నాడతను గుమ్మంలోంచే.

"ఎడమకాలి చెప్పు కుడికాలికీ దూరుతుంది. నడిచి చూడు తెలుస్తుంది."

ఆ ఊపులోనే మెకానిక్‌కి ఫోన్ కలిపింది. నెత్తి మీద పాత ఫ్యాను గడగడలాడుతోంది. అవతలి మనిషి రెండు మాటలన్నాడో లేదో, పిన్ని మొహం కందిపోయింది.

"ఇన్నేళ్ళూ పిన్నీ పిన్నీ అని తిరిగి, ఇప్పుడు వరస మారాలంటావేంరా? ఏమని పిలుస్తావు, వదినా అనా?"

మరిది ఫ్యాను ఆపాడు. నేను ఫోన్ తీసుకుని స్పీకర్ పెట్టాను.

"అయ్యో పిన్నీ, పిన్నుల వరస మారాలన్నాను. మిషన్ మాట్లాడే పిన్నూ, కంప్యూటర్ మాట్లాడే పిన్నూ ఒకటే నంబరు. మీరు కొన్నది తిన్నగా పోయే కేబుల్, నోటిని తీసుకెళ్ళి నోటికే కలుపుతుంది. మనకి నోరు చెవికి కలవాలి. ఈ చివర రెండో పిన్ను ఆ చివర మూడోదానికి పోవాలి, మూడోది రెండోదానికి. షాపులో క్రాస్ కేబుల్ అని అడగండి."

"అంటే ఇద్దరూ మాట్లాడేవాళ్ళే, వినేవాళ్ళు లేరు. మీ అన్నా నేనూ ఉన్నట్టే," అంది పిన్ని మరిదిని చూసి. అతను నవ్వాపుకుంటూ మళ్ళీ షాపుకి పరిగెత్తాడు.

రెండో కేబుల్ మొదటిదానికి కవలపిల్లలా ఉంది. అదే రంగు, అవే రంధ్రాలు. "ఇదీ దూరుతుందిలే. దాని బుద్ధి ఎలా తెలుస్తుంది?" అంది పిన్ని. టార్చి బల్బు, ఒక బ్యాటరీ సెల్లు, రెండు తీగముక్కలు తీసుకుని కూర్చున్నాను. ఈ చివర రెండో రంధ్రంలో ఒక తీగ, ఆ చివర రెండో రంధ్రంలో ఇంకొకటి పెట్టాను. బల్బు వెలగలేదు. ఆ చివరి తీగను మూడో రంధ్రంలోకి మార్చాను. వెలిగింది.

"నోరు చెవికి కలిసింది," అంది పిన్ని. అప్పటికే లేచి నిలబడింది.

మిషన్ ఆపి కేబుల్ తగిలించాం. మళ్ళీ ఆన్ చేస్తే తెర రెండుసార్లు మిణుకుమని నిలిచింది. పిన్ని మీట నొక్కింది. కంప్యూటర్‌లో ఒక గీత కదిలింది. తర్వాత చుక్క పక్కన చుక్క.

"తోక. అది తోకే, నా పిట్ట తోక. రెక్క కూడా వస్తోంది. ఎవరూ కదలకండర్రా, ముక్కు ఇంకా రావాలి."

ముక్కు వచ్చింది. పిన్ని మరిది వీపు మీద ఒక్కటి చరిచింది. పిట్ట వెనక తీగ, తీగ వెనక నెమలి, ఒక్కొక్కటే దిగుతుంటే ప్రతిదాన్నీ ముద్దుపేరు పెట్టి పిలిచింది. ఆఖరుది దిగాక కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకుంది. అంతలోనే మళ్ళీ లేచి నా భుజం పట్టుకుని గుమ్మం వైపు తిప్పింది.

"సంబరం తర్వాత. ఇప్పటిదాకా ఆ డబ్బాలో ఉన్నాయి, ఇప్పుడు ఈ డబ్బాలో. ఇది మాత్రం వెయ్యేళ్ళు బతుకుతుందా? ఇంటికెళ్ళి నీ పెన్‌డ్రైవ్ పట్టుకురా, ఒక నకలు మీ ఇంట్లో ఉండాలి. సినిమాలుంటే తుడిచేసి మరీ తీసుకురా, నా పిట్టలకి చోటు కావాలి."