చూడని ప్లానుల మీద నా అభిప్రాయం

మొన్న ఆదివారం రాజమండ్రిలో ఏం వెలగబెట్టి వచ్చావని అడక్కండర్రా అంటే వినరు కదా! సరే, ఇలా అరుగు మీదకి రండి. హెడ్మాస్టరు గారి దాకా మాత్రం వెళ్లనివ్వకండి. ఆయనొక్కడి దగ్గరే నాకు కాస్త పరువు మిగిలింది.

మన కొవ్వూరు స్కూల్లో డ్రాయింగు మాస్టరుగా నేను చేస్తున్న ఘనకార్యం మీకు తెలిసిందే. పిల్లల చేత మామిడికాయ గీయించడం, అది వంకాయలా వస్తే చెవి మెలిపెట్టడం. ఈ బతుకు ఇంతేనా అనుకుంటున్న రోజుల్లో మా బావమరిది సుబ్బారాయుడి దగ్గర్నుంచి కబురొచ్చింది. వాడు రాజమండ్రి కోర్టులో కాపీయిస్టు.

"బావా, కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు ఖాళీ అయింది. లాకులకీ వంతెనలకీ ప్లానులు గీసే పని. నీకు అతికినట్టుంటుంది. ఆదివారం సాయంత్రం మా సమాజం మీటింగుకి రా. ఆ ఆఫీసు హెడ్డు గుమాస్తా గారు కూడా వస్తారు."

సమాజమంటే వాళ్ల లోకహిత సమాజం. ఉత్సవాలకి చలివేంద్రాలు పెడతారు, కలరా వస్తే మందులు పంచుతారు. నెలకోసారి ఒక మెంబరు లేచి తన ఉద్యోగం ఎలాంటిదో, అందులోకి ఎలా వెళ్లాలో నలుగురికీ చెబుతాడు. చదువుకునే కుర్రాళ్లకి దారి తెలుస్తుంది, ఒకరికొకరు సాయపడతారు. మంచి ఏర్పాటే! నాలాంటివాడు వెళ్లనంత వరకూ.

పోస్టులో ఉన్నవాడు పోయాడని సుబ్బారాయుడు చెప్పాడు. ఎవరతను, ఎలా పోయాడు అని నేనడగలేదు. ఖాళీ అన్న మాట ఒక్కటే నా చెవిలో పడింది.

ఆదివారం లాంచీ ఆలస్యం! గోదావరి దాటేసరికి పొద్దు వాలింది. రేవులో దిగగానే జర్రున జారి మోకాలి దాకా బురదలో. కడుక్కుని, తడిపంచెతో, రొప్పుకుంటూ వెళ్లాను. సుబ్బారాయుడు గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఇప్పుడా బావా రావడం! నల్లకోటు, తెల్ల తలపాగా, గోడవార కుర్చీలో కూచున్నారు చూడు, ఆయనే హెడ్డు గుమాస్తా గారు. మీటింగు మొదలైతే కుదరదు, పోయి మాట్లాడుకో" అని వాడు బల్లలు సర్దడానికి పరిగెత్తాడు.

గోడవార చూశాను. నల్లకోటు ఉంది. తెల్ల తలపాగా ఉంది. గదికి నాలుగు గోడలుంటాయన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

వెళ్లి వంగి నమస్కారం పెట్టాను. "అయ్యా, కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు ఖాళీ అయిందటండి. ఇన్నాళ్లకి దేవుడు నా మొహం చూశాడండి!"

పెద్దాయన తలెత్తి నా వంక చూశాడు. ఏమీ అనలేదు. పెద్ద ఉద్యోగస్తులు అలాగే ఉంటారు కదా అనుకుని, నా చెయ్యి ఎంత నిలకడో, నా గీత ఎంత సన్నమో ఏకరువు పెట్టాను. అప్పటికీ ఉలుకూ పలుకూ లేదు. నాకు కంగారు పుట్టింది. కంగారులో నోరు నా మాట వినదని మీకు తెలుసు.

"ముందున్నతని పని అంత బాగుండేది కాదటండి" అనేశాను.

"బాగుండేది కాదా?" అన్నాడాయన. అదే ఆయన మొదటి మాట. హమ్మయ్య, పలికించాను!

"అబ్బే! ఎక్కడ చూసినా సిరా మచ్చలేనండి."

"నువ్వు చూశావా బాబూ?"

"చూడకపోవడమేంటండి! కళ్లారా చూశాను."

ఆయన తల దించుకున్నాడు. పని అయిపోయిందనే అనుకున్నాను. చూడండర్రా, ఆ క్షణంలో నాకెంత సంతోషమో!

ఇంతలో గంట కొట్టారు. ఆయన పక్క కుర్చీలోనే దర్జాగా కూచున్నాను. సెక్రటరీ గారు లేచారు. "ఈ నెల తన ఉద్యోగం గురించి చెప్పవలసిన మిత్రుడు మన మధ్య లేడు. డ్రాఫ్ట్స్‌మన్ వెంకటస్వామి. మొన్నటి కలరా రోజుల్లో మన సమాజం తరపున మందు సీసాలు పట్టుకుని పేటలన్నీ తిరిగి, చివరికి తనే దానికి బలయ్యాడు. అతని తండ్రి సత్తెయ్య గారు ఇవాళ మన పిలుపు మీద వచ్చారు."

నా పక్కన నల్లకోటు లేచి నిలబడింది.

కాళ్ల కింద నేల ఉందో లేదో చూసుకున్నాను. పారిపోదామంటే గుమ్మం నిండా జనం.

"నాకు మాటాడ్డం రాదు బాబూ" అన్నాడు సత్తెయ్య. "కాలవలో ధాన్యం పడవ నడుపుతాను. మావోడు ఆపీసులో కాయితాల మీద గీతలు గీత్తాడని తెలుసు. అయ్యేంటో, ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఇంటికొత్తే తిన్నావా అనడిగేవోణ్ణి, అంతే. ఇయ్యాల ఆడి పని గురించి ఆడే చెప్పాలంట గదా. ఇక్కడికొత్తే ఇంకెవరన్నా చెబుతారని వచ్చాను. ఈ కోటు ఆడిదే. మీటింగని తొడుక్కున్నాను."

తర్వాత నా వైపు తిరిగాడు.

"ఈ బాబు ఆడి గీతలు కళ్లారా చూశాడంట. బాగుండేయి కాదంట. పర్లేదు బాబూ, బాగోకపోయినా చెప్పండి. ఏం గీసేవోడు? మచ్చలెక్కడ పడేయి?"

వెటకారం కాదర్రా. నిజంగానే అడుగుతున్నాడు. కొడుకు గురించి ఏదైనా ఫరవాలేదు, ఎవరైనా చెబితే చాలన్నట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు.

సభంతా నా వైపే చూస్తోంది. చేతులు జోడించాను.

"నేను చూడలేదండి. మీ అబ్బాయి గీసిన గీత ఒక్కటీ నేనెరగను. ఆ ఉద్యోగం కోసం నోటికొచ్చింది వాగాను. మిమ్మల్ని హెడ్డు గుమాస్తా గారనుకున్నాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎదుటి గోడవార ఇంకో నల్లకోటు, ఇంకో తెల్ల తలపాగా మెల్లిగా నా వైపు తిరిగాయి.

"అయితే మచ్చల్లేవా బాబూ?" అన్నాడు సత్తెయ్య.

ఆ ఎదుటి గోడ ఆయనే లేచాడు. "లేవయ్యా. నా బల్ల మీదకొచ్చిన ప్లానుల్లో అంత శుభ్రమైన చెయ్యి ఇంకోటి లేదు" అన్నాడు.

సత్తెయ్య కూచుని, కోటు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఆ పక్క కుర్చీలోనే నేను. లేవడానికి లేదు, ఓదార్చే మొహమూ నాకు లేదు.

మీటింగయ్యాక ఆయనే నాతో రేవు దాకా నడిచొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును. "తవరూ గీతలు గీసేవోరే గదా, ఆ పనేంటో చెప్పండి బాబూ" అన్నాడు. చెప్పాను. "మీ పడవ లాకులోకి వెళ్లగానే వెనక తలుపు మూస్తారు, నీళ్లు పెరుగుతాయి కదండీ. ఆ తలుపు ఎంత వెడల్పుండాలో, ఎంత బరువుకి ఆగాలో ముందు కాయితం మీద గీసిస్తేనే వడ్రంగి చెయ్యగలడు. అలాంటివి గీసేవాడు మీ అబ్బాయి."

ఆయన నీళ్లకేసి చూశాడు. "ఆ తలుపులు రోజూ దాటుతాను" అన్నాడు.

లాంచీ ఎక్కుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆడి కుర్చీ తవరికే రావాలని ద్రాక్షారామం ఎల్లి బీమేశ్వరుడికి మొక్కుకుంటాను బాబూ. ఎవరో ఒకరు కూచోవాలి గదా." వద్దండి అందామంటే నోరు పెగల్లేదు. వాగకూడనప్పుడు వాగిన నోరు, అవసరానికి మూతబడింది చూడండి!

నిన్న సుబ్బారాయుడి కబురు. పోస్టు ఇంకెవరికో ఇచ్చేశారట. "అబద్ధమాడి కాసేపైనా నిలబెట్టుకోలేనివాడు ఆఫీసులో ఏం నెగ్గుకొస్తాడోయ్" అన్నారట హెడ్డు గుమాస్తా గారు.

మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, ఊపిరాడింది. కాకపోతే ఒక్కటే ఆలోచన. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి స్వయంగా గుడికి వెళ్లి సిఫార్సు చేసినా నాకు ఉద్యోగం రాలేదంటే, నా సంగతి భీమేశ్వరుడు ముందే వాకబు చేసుకున్నాడన్నమాట!